వైజాగ్‌లో పక్షుల ఫోటోలు: ఏ కాలంలో ఎటు తిరిగి నిలబడాలి

పక్షుల ఫోటోలు మొదలుపెడదాం అనుకునేవాళ్ళు అందరూ అడిగేది ఒకటే, ఏ లెన్స్ కొనాలి అని. అది కింద చెప్తాను గానీ మన ఊళ్ళో అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎండ ఎటు నుంచి వస్తోంది, మీరు ఎటు తిరిగి నిలబడ్డారు అన్నది. మనకి ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు. పొద్దున్న ఎండ సముద్రం మీద నుంచి ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తుంది, సాయంత్రం మాత్రం క్యాలెండర్‌లో సూర్యాస్తమయానికి ఇంకా బోలెడు టైమ్ ఉండగానే తెన్నేటి పార్క్ దగ్గర కైలాసగిరి, ముడసర్లోవ దగ్గర సింహాచలం కొండలు అడ్డొచ్చేసి నీడ పడిపోతుంది. కాబట్టి సాయంత్రం 5కి వెళ్దాంలే అనుకుంటే చలికాలంలో మీరు బండి పార్క్ చేసేసరికి లైట్ అయిపోతుంది.

మొదటి పని: దిక్కులు చూసుకోవడం

ఫోన్‌లో కంపాస్ ఉంటుంది కదా, వెళ్ళే చోటుకి ఒకసారి కెమెరా లేకుండా వెళ్ళి చూసుకోండి. డిసెంబర్‌లో సూర్యుడు నేరు తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణం వైపు జరిగి పొడుస్తాడు, జూన్‌లో అంతే ఉత్తరం వైపు. మన తీరమేమో నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. అందుకని ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు చూస్తూ నిలబడితే డిసెంబర్ పొద్దున్న సూర్యుడు సముద్రం లోంచే మీ మొహం మీదికి వస్తాడు, జూన్‌లో ఎడమచేతి వైపు భీమిలి పక్కకి జరిగిపోయి ఎండ తీరం వెంబడి పడుతుంది. అంటే అదే బీచ్, అదే తొలి ఎండ, కానీ జూన్‌లో నైరుతి వైపు తిరిగితే అలల అంచున ఉన్న పిట్ట మీద చక్కగా వెలుగు పడుతుంది, డిసెంబర్‌లో అదే పిట్ట నల్లటి బొమ్మలా వస్తుంది.

చలికాలం బీచ్‌లో సముద్రం మీద తిరిగే గల్స్ కావాలంటే మధ్యాహ్నం మూడున్నర తర్వాత వెళ్ళండి, అప్పుడు ఎండ భూమి వైపు నుంచి, అంటే మీ వీపు మీద నుంచి పక్షి మీదకి పడుతుంది. పొద్దున్నే వెళ్ళాలి అనే రూల్ ఇక్కడ పనిచెయ్యదు.

టైములు కూడా గుర్తుపెట్టుకోండి. జూన్‌లో 5:20 దాటగానే పొడిచేస్తాడు, జనవరిలో ఆరున్నర అవుతుంది. నవంబర్ ఆఖరికి సాయంత్రం 5:20 కల్లా కుంకుతాడు. ఇంకో విషయం, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి మీదే ఉంటాడు, అదే డిసెంబర్ ఆఖర్లో మధ్యాహ్నం కూడా 49 డిగ్రీలు దాటి పైకి రాడు. అందుకే చలికాలంలో పదింటికి కూడా ఫోటో బానే వస్తుంది, మే నెలలో ఎనిమిదిన్నరకే పక్షి కళ్ళ కింద నల్లటి నీడలు మొదలవుతాయి.

ఎండతో పాటు గాలి కూడా చూడండి. పక్షి గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు నుంచి వస్తే అది మీ వైపే వస్తుంది, మొహం కనపడుతుంది, కంట్లో మెరుపు ఉంటుంది. జూన్ జులైలో నైరుతి గాలి కాబట్టి పొద్దున్న ఎండని వెనక పెట్టుకుని నిలబడితే అన్నీ అటు తిరిగి లేస్తాయి, మీ కార్డు నిండా తోకలే ఉంటాయి. అప్పుడు ఎగిరేవాటిని వదిలేసి కూర్చున్నవాటి మీద పడండి.

సామాను

400 ఎంఎం లెన్స్ లేకపోతే చిన్న పిట్టలకి చాలదు, అంతే. నికాన్ 200-500, సిగ్మా లేదా టామ్రాన్ 150-600, సోనీ 200-600, వీటిల్లో మీ కెమెరా బాడీకి సరిపోయేది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి, క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) బాడీ అయితే ఇంకా దగ్గరగా వస్తుంది. కానన్ మిర్రర్‌లెస్ వాళ్ళకి ఆర్‌ఎఫ్ 100-400 తేలిక, ఎండ ఉన్నప్పుడు చాలు, అడవి నీడలో మాత్రం కష్టపడుతుంది. అంత బడ్జెట్ లేదు అంటే నికాన్ పీ950 లాంటి జూమ్ కెమెరాతో మొదలెట్టండి, ఎండ ఉంటే బానే తీస్తుంది, నీడలో తేలిపోతుంది, ఆ సంగతి ముందే తెలిసి కొనుక్కుంటే బాధ ఉండదు. ట్రైపాడ్ అవసరం లేదు గానీ ఒక బీన్ బ్యాగ్ కుట్టించుకోండి, పాత జీన్స్ కాలు ముక్కలో బియ్యమో శనగలో పోసి కుట్టేస్తే సరిపోతుంది, కారు కిటికీ మీద, గట్టు మీద, పడవ అంచు మీద పెట్టుకోవచ్చు.

సెట్టింగ్స్ ఇంటి దగ్గరే పెట్టేసుకోండి

పిట్ట కనపడ్డాక మెనూ వెతుక్కుంటే అది ఎగిరిపోతుంది. ఫోకస్ కంటిన్యువస్‌లో పెట్టండి, అంటే నికాన్ సోనీల్లో ఏఎఫ్-సీ, కానన్‌లో సర్వో. బర్స్ట్ ఆన్, అంటే బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫోటోలు పడతాయి. రా ఫార్మాట్, అంటే తర్వాత సరిచేసుకోడానికి వీలుగా ఉండే ఫైలు. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ (సెకనులో ఎన్నో వంతు సేపు తెరుచుకోవాలో), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో) మీరు పెట్టి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో) ఆటోకి వదిలేయండి, నాకు ఇదే అన్నిటికన్నా సుఖంగా అనిపిస్తుంది. కొమ్మ మీద కదలకుండా ఉన్నదానికి 1/500, తేనెపిట్టలాగా ఒక్కచోట ఉండనివాటికి 1/1000 పైన, ఎగిరేవాటికి 1/2000 నుంచి మొదలు. అపర్చర్ లెన్స్ ఇచ్చినంత తెరవండి, ఎఫ్ 5.6 ఓ 6.3 ఓ. నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయపడి షట్టర్ తగ్గించకండి, నాయిస్ తర్వాత తీసెయ్యొచ్చు, షేక్ అయిన ఫోటోని ఎవరూ బాగుచెయ్యలేరు.

అసలు మన దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది కొంగల దగ్గర. తెల్ల కొంగ నల్లటి నీళ్ళలో నిలబడి ఉంటే కెమెరా ఆ నలుపు చూసి వెలుగు పెంచేస్తుంది, ఈకలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోతాయి, ఒక్క గీత కూడా కనపడదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క కన్నా వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించండి, తెర మీద హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచుకి గుద్దుకోకుండా చూసుకోండి. నీటికాకి, ఏట్రింత లాంటి నల్లవి ఆకాశం ముందు ఉంటే దీనికి తలకిందులు, ప్లస్ 1 పైన పెంచాలి. ఎండ బాగా ఉండి నీలాకాశం ఉంటే ఇంకో పద్ధతి ఉంది, ఆటో ఏదీ వద్దు, ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, 1/3200 పెట్టేసి, తెల్ల కొంగ అయితే షట్టర్ 1/5000 చేసెయ్యండి. వెనక నీళ్ళున్నా చెట్లున్నా ఆకాశం ఉన్నా కొంగ మీద పడే ఎండ మారదు కదా, ఫోటోలూ మారవు. మబ్బు అడ్డొచ్చినప్పుడు మాత్రం మళ్ళీ ఆటోకి రావాలి, ఇది మర్చిపోవడం చాలా తేలిక.

చలికాలం, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి

మొదలుపెట్టేవాళ్ళకి ఇదే సీజన్. ఎండ మెత్తగా ఉంటుంది, వలస పక్షులు దిగుతాయి, చెమటతో వ్యూఫైండర్ మసకబారదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లు ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి ఆఫీసుకి ముందు గంటసేపు వెళ్ళొచ్చు. ముడసర్లోవలో నీటి మీద తేలే సోలార్ పలకలు ఉన్నాయి, అవి వెనకపడితే ఫోటో అంతా బూడిద రంగు గీతలే, రెండడుగులు పక్కకి జరిగి వెనకాల ఒడ్డు చెట్లు వచ్చేలా చూసుకోండి.

రెండు మూడు గంటలు తీరిగ్గా ఉంటే కొండకర్ల ఆవకి, అంటే అక్కడి సరస్సుకి, వెళ్ళండి, అచ్యుతాపురం వైపు. తామరాకుల మీద నడిచే జకానాలు, నీలం బొల్లికోళ్ళు, మునుగుడు కోళ్ళు ఉంటాయి. అక్కడి తాటిదోనెలు, అంటే తాటి మొద్దులు రెండు కలిపి కట్టినవి, నీటికి దాదాపు ఆనుకునే ఉంటాయి, మీరు కూర్చుంటే లెన్స్ పక్షి కంటి ఎత్తులోకి వచ్చేస్తుంది. ఇంత కింద నుంచి తీసే అవకాశం గట్టు మీద ఎంత పాకినా రాదు. వెనకాల ఆవ అంతా మెత్తటి రంగులా కరిగిపోతుంది. దోనె ఊగుతుంది కాబట్టి కూర్చున్న పక్షికి కూడా 1/1600 పెట్టండి, లేచి నిలబడొద్దు. దోనె తోలే ఆయన మీ కెమెరా చూసి ముచ్చటపడి "దగ్గరికి తోలమంటారా బాబూ" అంటాడు, వద్దు బాబాయ్ ఇక్కడే ఆపెయ్ అని చెప్పండి. ఆపేసి పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే ఎగిరిపోయినవి కూడా వెనక్కి వస్తాయి, తరుముకుంటూ పోతే ఆవ అవతలి గట్టు దాకా వెళ్ళినా తోకలే దొరుకుతాయి. కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వద్దు, వనభోజనాల వాళ్ళ మైకులకి కొంగలే కాదు మీరు కూడా పారిపోతారు.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఇసుక మేటల మీద చిన్న ప్లోవర్లు, గల్స్ దిగుతాయి. ఇక్కడ పడుకుని తియ్యాలి, సిగ్గుపడకండి, పాత లుంగీ ఒకటి పరుచుకుని బోర్లా పడుకోండి, మోచేతులే మీ ట్రైపాడ్. బ్రౌన్‌హెడెడ్ గల్ చలికాలం అంతా తెల్ల తలతో చెవి దగ్గర ఒక మచ్చతో ఉంటుంది, మార్చి వచ్చేసరికి కొన్నిటికి గోధుమరంగు టోపీ పెట్టినట్టు తల మారడం మొదలవుతుంది, రెండూ తీసి పెట్టుకుంటే బావుంటుంది.

పెదజాలరిపేట వైపు పడవలు ఒడ్డుకొచ్చి వలలు దులిపే టైమ్‌లో గరుడ పక్షులు, నల్లగద్దలు తిరుగుతాయి. తలపైన ఎగిరే గద్దని తీస్తే కడుపంతా నల్లగా వస్తుంది అని అంటారు, పొద్దున్న తొలి గంటలో ఆ సమస్య ఉండదు, ఎండ పక్క నుంచి రెక్క కిందకి దూరుతుంది, తడి ఇసుక మీద పడిన వెలుగు కూడా కింద నుంచి కొంత తిరిగి పడుతుంది. ఎనిమిది దాటాక ఆ అదృష్టం ఉండదు. ముందు అక్కడి వాళ్ళతో ఒక మాట మాట్లాడండి, వాళ్ళ పని మధ్యలోకి కెమెరా దూర్చకండి.

అరకు, అనంతగిరి వెళ్తే పొద్దున్నే మంచు ఉంటుంది, ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంది, అప్పుడు పక్షిని పెద్దగా తియ్యాలని చూడకుండా కొమ్మ, మంచు, అందులో చిన్నగా పిట్ట, అలా తియ్యండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల్ని వెచ్చగానో చల్లగానో చేసే సెట్టింగ్) కొంచెం వెచ్చగా పెట్టుకోకపోతే అంతా నీలం కొట్టుకుపోతుంది. వలిసె పూలు విరగబూసి ఉంటే పసుపు బ్యాక్‌గ్రౌండ్ దొరుకుతుంది గానీ రైతుని అడక్కుండా చేలోకి దిగొద్దు, గట్టు మీద నుంచి కూడా అదే పసుపు వస్తుంది.

ఎండాకాలం

శివరాత్రి దాటగానే బూరుగు, మోదుగ పూలు చెట్ల నిండా ఉంటాయి, ఆకులు ఉండవు. వీటిలో ఒక చెట్టు దొరికితే ఊరంతా తిరగక్కర్లేదు, అక్కడే ఉండిపోండి. తేనెపిట్టలు, గోరింకలు, రోజీ స్టార్లింగ్ గుంపులు, ఏట్రింతలు, అన్నీ అక్కడికే వస్తాయి. మగ తేనెపిట్ట ఈ టైమ్‌లో నిండు రంగులో ఉంటుంది, కానీ ఆ ఊదా మెరుపు ఎండ ఒక కోణంలో పడితేనే కనపడుతుంది, లేకపోతే మామూలు నల్లపిట్ట. అందుకని చెట్టుకీ సూర్యుడికీ మధ్యలో మీరుండండి, అది తల తిప్పిన క్షణంలో రంగు వెలుగుతుంది, ఆ క్షణం కోసమే బర్స్ట్.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, కెమెరా సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున్న 5:15 నుంచి ఏడున్నర వరకే పని. తర్వాత నీళ్ళ మీద, ఇసుక మీద గాలి వేడెక్కి మరుగుతున్నట్టు కదులుతుంది, దూరపు పక్షి మెత్తగా పిండి పిండిగా వస్తుంది. లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తకండి, అది ఎంత ఖరీదైన లెన్స్‌తోనైనా అంతే, దగ్గరగా ఉన్నవాటినే తియ్యండి లేదా ఇంటికెళ్ళి చల్లటి మజ్జిగ తాగండి.

మే జూన్‌లో కంబాలకొండ చూడాలి. తొలకరికి ముందూ తర్వాతా ఇండియన్ పిట్టా అనే రంగురంగుల చిన్న పక్షి అరుపు వినపడుతుంది, రెండు ముక్కల ఈల. నేల మీద ఎండుటాకుల్లో గెంతుతూ ఉంటుంది, పైన చెట్ల గుబురు, లైట్ అస్సలు ఉండదు. ఇక్కడ పైన చెప్పిన నంబర్లు పనికిరావు. ఐఎస్ఓ 3200 నుంచి 6400, షట్టర్ 1/160 దాకా దిగండి, బీన్ బ్యాగ్ నేల మీద పెట్టి కూర్చోండి, అది గెంతి ఆగిన అర సెకనులో తియ్యండి. ఎక్కడన్నా ఆకుల సందులోంచి ఎండ మచ్చ నేల మీద పడితే అందులోకి వస్తుందేమో అని ఆశపడతాం గానీ సగం వెలుగు సగం నీడ పడిన పిట్టా కన్నా పూర్తి నీడలో ఉన్నదే అందంగా వస్తుంది. ఇది అభయారణ్యం, గేటు టైమింగ్స్, టికెట్, కెమెరా రుసుము ముందే కనుక్కుని వెళ్ళండి, దారి దిగి లోపలికి పోవద్దు, పాములు మనకన్నా ముందు నుంచీ అక్కడ ఉన్నాయి.

వానాకాలం

చాలామంది కెమెరా లోపల పెట్టేసే కాలం, నాకు మాత్రం ఇదే ఎక్కువ ఇష్టం. మబ్బు పట్టిన ఆకాశం అంటే నీడలు లేని వెలుగు, రోజంతా తియ్యొచ్చు, పదకొండింటికి కూడా. ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్ కడిగినట్టు ఉంటుంది. పశువుల వెంట తిరిగే కొంగలకి తల మెడ నారింజ రంగు వస్తాయి, గుడ్డి కొంగకి వీపు ముదురు ఎరుపు తిరుగుతుంది. రంగులు ఇంత బాగా ఉన్నప్పుడు ఎండ లేకపోవడమే మేలు. ఒక్కటే జాగ్రత్త, తెల్లటి ఆకాశం ఫ్రేమ్‌లోకి రానివ్వకండి, కొంచెం ఎత్తుకి ఎక్కి కిందకి చూస్తూ తీసినా చాలు. వాన పడుతుంటే 1/100కి దించి చూడండి, చినుకులు గీతల్లా వస్తాయి, తడిసి ముడుచుకున్న పిట్ట కదలదు కాబట్టి షేక్ అవ్వదు.

గిజిగాళ్ళు గూళ్ళు కట్టేది కూడా ఇప్పుడే. ఆనందపురం, పద్మనాభం వైపు తాటిచెట్లకి చూడండి. నైరుతి వానగాలి కొట్టకుండా ఇవి ఎక్కువగా చెట్టుకి తూర్పు వైపే గూళ్ళు కడతాయి, అంటే పొద్దున్న వెలుగు నేరుగా గూటి మీదే పడుతుంది, మీరు తూర్పున నిలబడితే చాలు. మగది గడ్డిపోచ నోట కరుచుకుని వచ్చి వేలాడుతూ రెక్కలు కొడుతుంది, 1/2500 పెట్టుకుని గూటి మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకోండి. గూళ్ళ కిందకి వెళ్ళొద్దు, అడ్డొచ్చిన ఆకు విరవొద్దు.

ఏసీ గదిలోంచి కెమెరా తీసి బయట పెడితే లెన్స్ మీద వెంటనే ఆవిరి పడుతుంది. మన ఉక్కకి ఇది ఏడాదంతా ఉంటుంది గానీ వానాకాలం మరీ. రాత్రే కెమెరా బ్యాగ్‌ని ఏసీ లేని గదిలో పెట్టండి, మర్చిపోతే బ్యాగ్ జిప్ తియ్యకుండా అరగంట బయట ఉంచండి. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది, లాభం లేదు.

చెయ్యకూడనివి

ఫోన్‌లో పక్షి అరుపు వినిపించి పిలవొద్దు. జతకట్టే కాలంలో అది ఇంకో మగది వచ్చిందనుకుని గూడు వదిలేసి మీ చుట్టూ తిరుగుతుంది, మీకు నాలుగు ఫోటోలు వస్తాయి, దాని పొద్దు పాడవుతుంది. గూట్లో పిల్లలున్నప్పుడు దగ్గరికి వెళ్ళొద్దు, మీరు వెళ్ళిన దారి చూసి కాకులు వస్తాయి. ఎగిరే ఫోటో కోసం రాయి విసిరేవాళ్ళని కూడా చూశాను, అలాంటివాళ్ళతో వెళ్ళకండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, గూడు కదిపినా గుడ్లు తీసినా నేరమే.

ఇంకోటి మన ఊరికే ప్రత్యేకం. ఇది నేవీ ఊరు. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండ దారి, ఐఎన్ఎస్ డేగా (నేవీ విమాన స్థావరం) చుట్టుపక్కల ఫోటోలు నిషేధం అన్న బోర్డులు ఉంటాయి, అక్కడ 600 ఎంఎం లెన్స్ ఎత్తితే గద్దని తీస్తున్నా అన్న మాట ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు. బోర్డు కనపడితే కెమెరా బ్యాగ్‌లో పెట్టేయండి, మేఘాద్రిగెడ్డ వెళ్ళినా విమానాలు దిగే వైపు లెన్స్ తిప్పొద్దు. డ్రోన్ సంగతి ఆలోచించనే వద్దు.

ఇంటికొచ్చాక

బీచ్ నుంచి వస్తే ముందు కెమెరా, తర్వాతే ఫోటోలు. మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండేసిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్స్ బయటి భాగం, హుడ్ తుడవండి, ఉప్పు ఎండితే బటన్లు పట్టేస్తాయి. ముందు గాజు మీద ఇసుక ఉంటే గాలి బల్బుతో ఊదాకే గుడ్డ పెట్టండి. ఫంగస్ మన ఊళ్ళో లెన్స్‌లకి పెద్ద శత్రువు, డ్రై క్యాబినెట్ కొనలేకపోతే గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్, చిన్న చిన్న సంచులవి, వేసి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చిన్న మీటర్ పెట్టుకోండి.

ఫోటోలు ఏరేటప్పుడు మొదట కన్ను చూడండి, కన్ను షార్ప్‌గా లేకపోతే డిలీట్. తర్వాత ఎడిటింగ్‌లో ఎక్స్‌పోజర్ సరిచేసి, కొంచెం క్రాప్, నాయిస్ తగ్గించడం, అంతవరకే, లకుముకి పిట్టని నియాన్ లైట్‌లా చెయ్యకండి. పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్ చెప్తుంది. పెట్టేటప్పుడు తేదీ, కాలం, ఏరియా రాయండి, పిట్టా దొరికిన చెట్టుకి మ్యాప్ పిన్ మాత్రం పెట్టొద్దు, కంబాలకొండ అని రాస్తే చాలు.